మ్యాపులో లేని కందకం

ఆ పోటీ జరిగి రెండేళ్లు దాటింది. ఇప్పటికీ ఎవరైనా నాతో "అడవి పిల్లలు కదా మేడం, చీకట్లో దారి వాళ్లకెవరూ నేర్పక్కర్లేదు" అంటే నా గొంతు మారిపోతుంది. అంటున్నవాళ్లు పొగుడుతున్నామనే అనుకుంటారు. ఆ మాట వెనక ఎంత చులకన ఉందో నాకు ఆ రాత్రి తెలిసింది.

చండ్రుగొండకు కొంచెం దూరంలో ఉన్న ఆడపిల్లల హాస్టల్ బడిలో నేను పీఈటీని. మాది తల్లాడ దగ్గర ఊరు. మా తాత కోస్తా నుంచి వచ్చి అక్కడ పొలం కొన్నాడు. మిరప, పత్తి తప్ప మా ఇంట్లో అడవి ఊసు లేదు. డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీ క్యాంపులో ఒక హవల్దారు నా చేతిలో కంపాస్ పెట్టి, మ్యాపు ముందు పరిచి, "దీన్ని నమ్ము, నీ కాళ్లను నమ్మకు" అన్నాడు. నాకు పట్టుకున్న ఒకే ఒక్క పిచ్చి అది. ఉద్యోగం వచ్చాక ఖోఖో, కబడ్డీతో పాటు ఆ విద్య కూడా పిల్లలకు నేర్పాలనుకున్నాను.

దాన్ని ఓరియంటీరింగ్ అంటారు. మ్యాపు మీద కొన్ని గుర్తులుంటాయి. అడవిలో ఆ చోట్ల ఎర్రని తెల్లని జెండాలు కడతారు. కంపాస్ పట్టుకుని దిక్కు చూసుకుంటూ, అడుగులు లెక్కపెట్టుకుంటూ ఒక్కో జెండా దగ్గరికి పోయి, చేతిలో ఉన్న కార్డుకు అక్కడి పంచుతో చిల్లు వేసుకుని తిరిగి రావాలి. పగలు ఆడితే ఇది ఆట. రాత్రి ఆడితే ఇక ఆట అనడానికి నోరు రాదు. పక్కనున్న చెట్టే కనిపించదు. వాగు చప్పుడు ఎటునుంచి వస్తుందో చెవి చెప్పలేదు.

నలుగురు పిల్లలతో జట్టు కట్టాను. మ్యాపు చూసే పిల్లది పదో తరగతి. అడుగులు లెక్కపెట్టే పిల్లదీ పదే, బడిలో అందరికంటే పొడుగు. మిగతా ఇద్దరూ తొమ్మిదో తరగతి. నలుగురివీ అడవి పల్లెలే, కాదనను. కానీ మ్యాపు చూసే పిల్ల మూడో తరగతిలోనే హాస్టల్‌కు వచ్చేసింది. ఏడాదికి రెండుసార్లు ఇంటికి పోతుంది. ఆమె అడవిలో కంటే డార్మిటరీలోనే ఎక్కువ రాత్రులు పడుకుంది. మొదటి ఆదివారం బడి వెనకున్న జామాయిల్ తోటలో వదిలితే నలుగురూ నీళ్ల ట్యాంకు పక్కనే తప్పిపోయి, అన్నం గంట విని వెనక్కి వచ్చారు.

రెండున్నర నెలలు నేర్చుకున్నారు. చున్నీతో కళ్లకు గంతలు కట్టుకుని మైదానంలో వంద అడుగులు తిన్నగా నడవడం నేర్చుకున్నారు. తిన్నగా నడుస్తున్నామనుకుంటూ ప్రతి ఒక్కరూ ఎటో ఒక పక్కకు ఒరుగుతారు. ఎవరు ఎటు ఒరుగుతారో రాసుకున్నాం. పొడుగు పిల్ల జేబులో చింతగింజలు వేసుకుని, కుడి ఎడమ కలిపి ఒకటిగా లెక్కేస్తూ ప్రతి వంద జంట అడుగులకు ఒక గింజను ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చేది. లెక్కలో తప్పు చేస్తే తనను తానే తిట్టుకునేది. వార్డెన్‌ను బతిమాలి రాత్రి అన్నాలయ్యాక గంటసేపు తోటలోకి తీసుకుపోయేదాన్ని. కాళ్లకు గీరుకున్న ముళ్లూ, కరిచిన చీమలూ, నా చేతిలో తిన్న చీవాట్లూ వాళ్లు సంపాదించుకున్న చదువు. అది రక్తంలో వచ్చింది కాదు.

నగరం నుంచి ఒక సాహస క్రీడల సంస్థ వచ్చి, మా అడవి అంచున బడి పిల్లలకు రాత్రి ఓరియంటీరింగ్ పోటీ పెడుతున్నట్టు కాగితం పంపింది. మా బడికి ఆహ్వానం వచ్చిన రోజు పిల్లలు సంతోషంతో మధ్యాహ్నం అన్నం కూడా సరిగ్గా తినలేదు.

కార్తీకం చివర, అమావాస్య దగ్గర పడుతున్న రోజులు. అడవి అంచున ఖాళీ జాగాలో టెంట్లు వేశారు. జనరేటరు, స్పీకర్లు, స్టేజీ వెనక పెద్ద బ్యానర్. పన్నెండు జట్లు వచ్చాయి. మధ్యాహ్నం జట్ల టీచర్లందరినీ కూర్చోబెట్టి సంస్థ డైరెక్టరు మాట్లాడాడు. ఒంటినిండా జేబులున్న బట్టలు వేసుకున్నాడు. పిల్లల ఫోన్లన్నీ ముందే తీసుకుంటామని చెప్పాడు, ఎవరూ ఫోన్‌లో దారి చూసుకోకూడదు కాబట్టి. అది సబబే. నేను లేచి అడిగాను.

"ఫోన్లు తీసుకుంటున్నారు కదా సార్, మరి విజిళ్లు ఇస్తున్నారా? ఎవరికైనా ఏదైనా అయితే ఎట్లా తెలియాలి?"

"విజిల్స్ ఇస్తే ఇక థ్రిల్ ఏముంటుంది మేడం?" అని నవ్వాడు. "అయినా మీకెందుకు టెన్షన్? మీ పిల్లలకు అడవి రక్తంలోనే ఉంటుంది. నిజానికి మీ టీమ్‌కి అన్‌ఫెయిర్ అడ్వాంటేజ్."

చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. ఒకసారి దారి చూసి వస్తామన్నాను. కుదరదన్నాడు. టీచర్లు చూస్తే పిల్లలకు చెప్పేస్తారట. మ్యాపు ఎప్పటిదని అడిగితే "శాటిలైట్ మేడం, లేటెస్ట్" అన్నాడు. ఆ తర్వాత ఒక కాగితం చేతికిచ్చాడు. 'పోటీ జరిగే మార్గాన్ని నేను స్వయంగా పరిశీలించితిని, సురక్షితముగా ఉన్నది' అని ఉంది అందులో.

"చూడనివ్వకుండా చూసినట్టు ఎట్లా సంతకం పెట్టాలి సార్?"

"ఫార్మాలిటీ మేడం. అందరూ పెట్టారు."

నిజమే, అందరూ పెట్టారు. నేనూ పెట్టాను. పెట్టకపోతే జట్టును తీసేస్తారు. రెండున్నర నెలలు ముళ్లలో నడిచిన నలుగురు పిల్లలు టెంటు బయట కొత్త తెల్ల బూట్లు వేసుకుని నిలబడి ఉన్నారు. ఇవన్నీ నేను చెప్పుకునే సాకులు. ఆ రాత్రి మీద నాకున్న కోపంలో ఒక వాటా ఆ సంతకానిది, అంటే నాది.

ఒక్క పని మాత్రం చేశాను. బడి స్పోర్ట్స్ రూంలోంచి తెచ్చుకున్న నాలుగు విజిళ్లు పిల్లల మెడల్లో వేసి, కనపడకుండా ట్రాక్ సూట్ లోపలికి తోశాను. "ఆటలో ఊదొద్దు. ఆపదలో ఊదండి. మూడుసార్లు, ఆగి మళ్లీ మూడుసార్లు" అని చెప్పాను.

ఏడున్నర ప్రాంతంలో మా జట్టు బయల్దేరింది. మూడు గంటల గడువు. పావుగంటకొక జట్టు చొప్పున తలకు కట్టుకున్న దీపాలతో టేకు చెట్ల మధ్యకు పోతుంటే, ఎండిన ఆకుల మీద అడుగుల చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయేది. తొమ్మిది దాటాక ఒక్కో జట్టూ తిరిగి రావడం మొదలైంది. కొందరు రెండు జెండాలు దొరికాక విసిగి వచ్చేశారు. పదిన్నర అయింది. మా పిల్లలు రాలేదు. నా పక్కన ఖమ్మం నుంచి వచ్చిన ఒక ప్రైవేటు బడి సారు నిలబడి పదే పదే వాచీ చూసుకుంటున్నాడు.

"మా వాళ్లు కూడా రాలే మేడం" అన్నాడు. "మీ వాళ్లకంటే ముందే పోయిండ్రు."

ఇద్దరం డైరెక్టరు దగ్గరికి పోయాం. గడువు దాటాక ఇంకో గంట ఆగి వెతకడం మొదలుపెట్టడం వాళ్ల పద్ధతి అన్నాడు. ఆహ్వానం కాగితంలో రాసిన అంబులెన్స్ ఎక్కడని అడిగాను. పొద్దున బహుమతులు ఇవ్వడానికి వచ్చే ముఖ్య అతిథిని తీసుకురావడానికి పోయిందట.

అప్పుడే చెట్లలోంచి రెండు దీపాలు ఊగుతూ వచ్చాయి. మ్యాపు చూసే పిల్ల, పొడుగు పిల్ల. వాళ్లిద్దరే. పొడుగు పిల్ల పెదాలు ఇంకా కదులుతున్నాయి, అడుగులు లెక్కపెడుతూనే ఉంది. నా ముందుకు వచ్చి ఆగి, లెక్క గట్టిగా చెప్పి, అప్పుడు ఏడ్చింది.

"మేడం, ఖమ్మం బడి అమ్మాయి కందకంల పడ్డది" అంది మ్యాపు పిల్ల రొప్పుతూ. "కాలు ఇరిగింది. పాదం అటు తిరిగిపోయింది మేడం. వాళ్లు అరుస్తుంటే ఇనపడి పోయినం. మనోళ్లు ఇద్దరు ఆమె కాడనే ఉన్నరు. మేం ఇద్దరం చెప్తందుకు వచ్చినం."

ఖమ్మం సారు మొహం తెల్లబడింది. డైరెక్టరు మాత్రం టేబుల్ మీద మ్యాపు పరిచి టార్చి వేశాడు.

"ఎక్కడ? చూపించు."

ఆ పిల్ల వేలు పెట్టింది. "ఈ చెక్‌డ్యాం కాడి నుంచి రెండు వందల పది డిగ్రీలు సార్. ఏడు వందల నలభై జంట అడుగులు."

"ఇక్కడ కందకం లేదమ్మా. ఇది ఓపెన్ గ్రౌండ్. మీరు దారి తప్పారు. వేరే ఎక్కడో ఉన్నారు."

"ఓపెన్ లేదు సార్, జామాయిల్ పెట్టిండ్రు. దాని చుట్టూత కందకం తీసిండ్రు."

"మ్యాపులో లేదు కదా!"

"మీ కాయితంల లేదు సార్. నేల మీద ఉన్నది."

అన్నేళ్ల చదువూ, అన్ని జేబులూ ఉన్న ఆ మనిషి, ఒక పిల్ల కాలు విరిగి గుంతలో పడి ఉందని చెబుతుంటే, ఆ గుంత ఉందా లేదా అని వాదిస్తున్నాడు. నాకు అతని చేతిలోంచి టార్చి లాక్కోవాలనిపించింది, లాక్కున్నాను కూడా. "మీరు వాదించుకోండి. మేం పోతున్నాం" అన్నాను. పిల్లలను మళ్లీ లోపలికి తీసుకుపోవడానికి వీల్లేదు, రూల్ ఒప్పుకోదు అని వెనక నుంచి అరుస్తున్నాడు. వాళ్లు లేకుండా ఆ చీకట్లో ఆ చోటు నాకు దొరకదు. ఖమ్మం సారు నల్ల తోలు బూట్లతోనే మా వెంట వచ్చాడు.

చెక్‌డ్యాం దాకా వాగు పట్టుకుని పోయాం. అక్కడి నుంచి మ్యాపు పిల్ల ముందు, పొడుగు పిల్ల పక్కన, మేమిద్దరం వెనక. నేను నేర్పిన విద్యే అది, కానీ ఆ రాత్రి వాళ్ల వెనక నడుస్తుంటే నాకు కొత్తగా అనిపించింది. కంపాస్ సూది చూసుకుని, దీపం వెలుగు అందేంత దూరంలో ఒక చెట్టును గుర్తు పెట్టుకుని, దాని దాకా పోయి మళ్లీ సూది చూడడం. వెదురు పొద అడ్డమొస్తే కుడికి ముప్పై అడుగులు, ముందుకు కొన్ని, మళ్లీ ఎడమకు అదే ముప్పై. ఒక్కసారి కూడా తొందరపడలేదు. నేను మాత్రం రెండుసార్లు "జల్దీ నడవండి" అన్నాను. రెండోసారి ఆ పిల్ల వెనక్కి తిరగకుండానే "తొందర చేస్తే తప్పుతం మేడం" అంది. ఆ తర్వాత ఆమె ఆగిన చోటల్లా నేనూ ఆగాను.

జామాయిల్ తోట వచ్చింది. అప్పుడు అర్థమైంది ఖమ్మం పిల్లలు ఎందుకు తప్పారో. తెల్లని మానులు వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి. దీపం వేస్తే ప్రతి వరసా బాటలాగే కనిపిస్తుంది. కంపాస్ ఒక పక్కకు పొమ్మంటుంది, కాళ్లు వరస వెంట పోతాయి. మ్యాపు చూస్తే అసలు చెట్లే లేని చోటు. ముందంతా ఖాళీ జాగానే అని మ్యాపును నమ్మి, వాళ్లు వరస వెంట పోతూ ఉంటే, చివర్లో కాలి కింద నేల లేకుండా పోయింది.

ఏడు వందల జంట అడుగుల దగ్గర మ్యాపు పిల్ల ఆగి, అవతలి వెలుగు కనపడుతుందేమోనని అందరినీ దీపాలు ఆర్పమంది. విజిల్ మూడుసార్లు ఊదింది. కొంచెం ఎడమ నుంచి మూడు విజిళ్లు బదులొచ్చాయి.

కందకం నా తలకంటే లోతు. పశువులు తోటలోకి రాకుండా తవ్వింది, కొత్తది. మట్టి అంచులు ఇంకా జారుతున్నాయి. అడుగున ఖమ్మం అమ్మాయి వెనక్కి ఆనుకుని కూర్చుని ఉంది. మా తొమ్మిదో తరగతి పిల్లలిద్దరూ తమ ట్రాక్ సూట్ పైకోట్లు ఆమె మీద కప్పి, చెరోవైపు ఆనుకుని చలికి వణుకుతున్నారు. విరిగిన కాలికి రెండు జామాయిల్ కొమ్మలు పెట్టి, తమ జడల రిబ్బన్లు విప్పి కట్టు కట్టారు. ఆమె జట్టువాళ్లు ముగ్గురూ గట్టు మీద ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. ఖమ్మం సారు కందకంలోకి జారిపోయి, ఆ అమ్మాయి తల మీద చేయి వేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆమెను పైకి తీయడం మా వల్ల కాలేదు. ఎత్తబోతే మట్టి జారుతోంది, ఆమె కేకలు పెడుతోంది. ఆ కేకలకే దూరంగా ఒక వెలుగు కదిలింది.

"ఎవరమ్మా ఆడ?" అంటూ ఒక పెద్దాయన వచ్చాడు. పక్కనే ఆయన మొక్కజొన్న చేను ఉందట. అడవి పందులు పడకుండా మంచె మీద కావలి ఉన్నాడు. మా తొమ్మిదో తరగతి పిల్లల్లో ఒకామె ఆయనతో కోయలో ఏదో చెప్పింది. ఆయన కందకంలోకి తొంగి చూసి నా వైపు తిరిగాడు.

"గిక్కడ రాత్రిపూట ఆటేందమ్మా? మొన్న వానలల్ల నా ఆవు దీంట్లనే పడ్డది. ఎవలన్న అడిగితే చెప్పకపోదునా?"

జెండాలు కట్టడానికి వచ్చినవాళ్లు ఆయన చేను పక్క నుంచే పోయి ఉంటారు. ఆయనను ఒక్క మాట అడగాలని వాళ్లకు తోచలేదు. ఆకాశం నుంచి తీసిన బొమ్మ ఉండగా నేల మీది మనిషి వాళ్లకెందుకు?

ఆయన పోయి భార్యను, ఒక నులక మంచాన్ని, తాళ్లను తెచ్చాడు. ఒక అంచున మట్టిని పారతో మెట్లుగా చెక్కాడు. అరగంటలో అమ్మాయి మంచం మీద ఉంది. "టెంట్ల దిక్కు ఎందుకు? గా బండ్ల బాటల పోతే రోడ్డు దగ్గర" అన్నాడు. ఆ బండ్ల బాట కూడా మ్యాపులో లేదు. ఆయన భార్య దీపం పట్టుకుని ముందు నడిచింది. మంచానికి ఒక కొసన ఆయన, ఖమ్మం సారు, రెండో కొసన నేను, పొడుగు పిల్ల. రోడ్డెక్కాక సిగ్నల్ వచ్చింది. నూట ఎనిమిదికి ఫోన్ చేశాం. కొత్తగూడెం దవాఖానాకు బండి కదిలేసరికి ఒంటిగంట దాటింది. మ్యాపు పిల్ల రోడ్డు పక్కన కూర్చుని నిద్రపోయింది, కంపాస్ చేతిలోనే ఉంది.

ఇక్కడితో అయిపోతే ఇది మంచి జ్ఞాపకం. నేను కోపంగా రాయాల్సిన పనే ఉండేది కాదు.

మర్నాడు పొద్దున పది గంటలకు, ఏమీ జరగనట్టు బహుమతుల సభ జరిగింది. బోర్డు మీద మా బడి పేరు ఎదురుగా ఎర్ర పెన్నుతో కొట్టివేత ఉంది. మైకులో చదివారు. మా జట్టు వాళ్లు అనర్హులు. కారణాలు మూడు: గడువు దాటారు, జట్టును విడదీశారు, బయటివాళ్ల సాయం తీసుకున్నారు. "అడవి బిడ్డలు కూడా దారి తప్పారంటే మన కోర్స్ ఎంత టఫ్‌గా ఉందో చూడండి" అని డైరెక్టరు అంటే జనం చప్పట్లు కొట్టారు. మా నలుగురూ మట్టి ఎండిన బూట్లతో, రిబ్బన్లు లేని జడలతో లైన్లో నిలబడి ఉన్నారు. చప్పట్లు ఎందుకో తెలియక తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె తనూ రెండుసార్లు కొట్టి ఆపేసింది.

సభ అయ్యాక టెంటులోకి పిలిచి ఇంకో కాగితం ఇచ్చారు. కందకం ఉన్న సంగతి ముందే చెప్పామని, విద్యార్థిని నిర్లక్ష్యం వల్ల మార్గం వదిలి పోయి స్వల్పంగా గాయపడిందని. ఖమ్మం సారు దవాఖానా నుంచి వచ్చి అప్పటికే సంతకం పెట్టి ఉన్నాడు. తలెత్తకుండా నాతో అన్నాడు: "మా మేనేజ్‌మెంట్ ఫోన్ చేసింది మేడం. నాకు ఇద్దరు పిల్లలు." రాత్రి మంచం మోసిన ఆయన అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, పూర్తిగా రాలేదు.

నేను పెట్టనన్నాను. డైరెక్టరు నిన్నటి కాగితం తీసి నా ముందు పెట్టాడు. 'స్వయంగా పరిశీలించితిని', కింద నా సంతకం.

"మీరే చూశారు కదా మేడం సేఫ్ అని. అప్పుడు బాధ్యత మీదే అవుతుంది."

పెన్ను తీసుకుని అదే కాగితం మీద, నా సంతకం కింద రాశాను: 'నన్ను చూడనివ్వలేదు. చూడకుండానే సంతకం పెట్టాను, అది నా తప్పు. కందకం మ్యాపులో లేదు. ఎవరూ చెప్పలేదు.' రాసిన వెంటనే నా ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. ఆ మరుక్షణమే కాగితం లాక్కున్నారు.

తర్వాతి రోజు పేపర్లో చిన్న వార్త వచ్చింది. గాయపడిన విద్యార్థినిని సంస్థ సిబ్బంది సమయస్ఫూర్తితో కాపాడారట. ఆ వార్త కంటే నన్ను కాల్చేసింది ఖమ్మంలో పుట్టిన ఒక పుకారు. హాస్టల్ పిల్లలే విజిళ్లు ఊది, పక్క జట్టును కావాలని కందకం వైపు లాగారని. విజిళ్లు ఎవరికీ ఇవ్వలేదు, వీళ్లకెక్కడివి అని. నేను ప్రాణం కోసం మెడలో వేసిన విజిల్ వాళ్ల మీద నేరానికి సాక్ష్యమైంది. మా వంట మనిషి కూడా వచ్చి "నిజమేనా మేడం?" అని అడిగింది. ఆ రోజు పిల్లలెవరూ గ్రౌండ్‌కు రాలేదు.

వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. అతిథులతో అమర్యాదగా ప్రవర్తించినందుకు, రాత్రివేళ మైనరు బాలికలను తిరిగి అడవిలోకి తీసుకుపోయి ప్రమాదంలో పడేసినందుకు సంజాయిషీ ఇవ్వాలని. రెండోది చదివి గదిలో ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను, తర్వాత చాలాసేపు ఏడ్చాను. మాటల్లో జవాబు రాయబోతే అన్నీ తిట్లే వస్తున్నాయి. చివరికి నలుగురు పిల్లలను, వార్డెన్‌ను వెంటబెట్టుకుని మూడు ఆదివారాలు పగటిపూట ఆ చోటికి పోయాం. చేను పెద్దాయన వెంట వచ్చి చూపించాడు. కందకాలు, కొత్త తోటలు, బండ్ల బాట, చెక్‌డ్యాం, అన్నీ అడుగులతో కొలిచి మ్యాపు గీశాం. దాన్ని జవాబుకు జతచేసి పంపాను.

నాలుగు నెలలకు ఖమ్మం అమ్మాయి తల్లితో కలిసి మా బడికి వచ్చింది. కాలిలో రాడ్ వేశారు, కొంచెం కుంటుతోంది. తల్లి వ్యవసాయం ఇంటి మనిషి, పెనుబల్లి దగ్గర ఊరు. పుకారు నమ్మి మొదట్లో మా మీద ఫిర్యాదు చేద్దామనుకుందట. కూతురే గొడవపడి ఆపింది. "అమ్మా, వాళ్లు ఊదింది నేను పడ్డంక. నన్ను ఇడిసిపెట్టకుండ కూసున్నరు వాళ్లు" అని రోజూ చెప్పేదట. తల్లి మా నలుగురినీ దగ్గరికి తీసుకుని, తొమ్మిదో తరగతి పిల్ల జడ సవరిస్తూ కూర్చుంది. ఆ తర్వాత ఆమే తన చేత్తో ఆ సంస్థ మీద ఫిర్యాదు రాసి ఇచ్చింది. మా అందరి కాగితాలు కదపలేని దాన్ని ఆ కాగితం కదిపింది.

విచారణకు ఒక అధికారి బడికి వచ్చాడు. చెడ్డవాడు కాదు, ఎండకు అలసిపోయి ఉన్నాడు, జల్దీ ముగించుకుని పోవాలని చూస్తున్నాడు. మ్యాపు పిల్లను పిలిచి అడిగాడు.

"ఇద్దరు ఉండాలి, ఇద్దరు పోవాలి అని మీకు ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలే సార్. మేమే అనుకున్నం. ఒక్కదాన్ని ఇడిసిపెట్టి పోలేం కదా. ఒక్కదాన్ని పంపలేం కదా. ఇంకేం చేస్తం?"

ఆయన రాసుకున్నాడు. పైకి చదివి వినిపించమని అడిగాను. 'ఉపాధ్యాయురాలి ఆదేశము మేరకు బాలికలు విడిపోయిరి' అని ఉంది. అది నాకు మేలు చేసే మాటే కావచ్చు, కీడు చేసేదీ కావచ్చు. ఏదైతేనేం, ఆ మాట ఆమెది కాదు. "ఆమె చెప్పింది రాయండి సార్" అన్నాను. విసుక్కుంటూ కొట్టేసి, చెప్పింది చెప్పినట్టు రాశాడు. సంతకం కోసం కాగితం ఆమె వైపు తిప్పాడు.

ఆ పిల్ల పెన్ను తీసుకోలేదు. మొదటి వరస నుంచి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఆయన వాచీ చూసుకున్నాడు. ఆమె రెండో పేజీకి పోయింది. ఒకచోట వేలు ఆగింది.

"సార్, ఇక్కడ చిన్న గుంట అని రాసిండ్రు."

"ఆ, అదే కదా?"

"గుంట కాదు సార్. కందకం. మా మేడం తల కన్న లోతు."

ఆయన ఆ మాట కూడా కొట్టేసి మార్చాడు. ఆ తర్వాతే ఆమె తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది.

ఆ నివేదిక ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సంస్థ వేరే జిల్లాలో పోటీలు పెడుతూనే ఉంది. నా సర్వీసు ఫైల్లో 'హెచ్చరించి వదిలివేయడమైనది' అన్న ఒక వాక్యం ఉంది. దాన్ని తీసేయించుకోవడానికి ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను. నాలుగోది నిన్న పోస్టు చేశాను.